నీలం ముందుగా అయిపోతుంది

వాల్పరాయిసోలో, కోర్దియెరా కొండ మెట్ల కింద
నాదో చిన్న ప్రింటు కొట్టు.
చావు కబుర్ల కార్డులు, కరెంటు బిల్లుల నకళ్ళు,
తప్పిపోయిన కుక్కల ఫోటోలు, ఇవీ నా బేరాలు.
నలుపు ఇంకు ముందు అయిపోవడం రివాజు.
నోల్బెర్తో రావడం మొదలెట్టాక
నీలం అయిపోతోంది.

నలభై ఏళ్ళు ఓడలకి రంగేసినవాడు.
తాడుకి వేలాడుతూ ఇనుప గోడ గీకి
తుప్పు మీద ఎర్రపూత, ఎర్రపూత మీద బూడిదపూత,
దాని మీద కంపెనీ వాడు చెప్పిన రంగు.
ఇప్పుడు బొటనవేలితో పని.
ఫోన్లు బాగుచేసే యెర్కో పాత సెట్టొకటి అంటగట్టి
ఆప్ పెట్టి చూపించాడట:
"ఇవిగో తాతా, పొరలు. ఒకదాని మీద ఒకటి."
"పొరల సంగతి నాకు చెప్తావురా!" అన్నాడట ఈయన.

రేవులో పడవ పొట్ట మీద తుప్పు మచ్చని ఫోటో తీస్తాడు.
అడ్డంగా తిప్పితే అది కొండ.
కొండ మీద తమ వీధి రేకుల ఇళ్ళు
గోరంత చేసి అతికిస్తాడు.
చేపల బజార్లో పడుకున్న కుక్క కన్ను
కత్తిరించి తెచ్చి చందమామని చేస్తాడు.
తప్పు పోతే వెనక్కి బాణం నొక్కి
"ఓడ మీద ఇదుంటే నా నడుం మిగిలేది" అంటాడు.
అంతా బాగుంటుంది. ఆఖర్న
నీలం గీత పట్టుకుని చివరికంటా లాగుతాడు.
ఆకాశం అరుస్తుంది. సముద్రం అరుస్తుంది.
కుక్క కన్ను నీలంగా వెలిగి నన్ను బెదరగొడుతుంది.

"కొంచెం తగ్గించవయ్యా."
"తగ్గించేదేముంది, వెలవెలబోతుంటే?
నాకు కనబడ్డట్టే చేశాను."
నేను ఇంకు లెక్క రాసుకుంటాను.
పాత బాకీ కింద ఒక బొమ్మ తీసుకుని
కొట్లో గోడకి తగిలించాను.

రెండేళ్ళు వరసలో కూచోబెట్టి
సర్కారు ఆసుపత్రి పిలిచింది.
ఎడమకంటి పొర తీసేశారు.
వారం పోయాక నల్లకళ్ళద్దాలతో వచ్చి
అద్దాలు తీసి గోడ వంక చూశాడు.
చాలాసేపు.
"ఎవడు చేశాడిది?"
నేను మాట్లాడలేదు.
"ఎవడో తాగి చేశాడు" అన్నాడు. తర్వాత మెల్లగా,
"ఇవేనా నేను అందరికీ పంచింది?"
పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ అవే కానుకలు మరి.
మా మరదలి వంటింట్లో ఒకటుంది,
ఉల్లిపాయల బుట్ట పైన.

అప్పుడు ఎడమకన్ను అరచేత్తో మూశాడు.
పొర ఇంకా ఉన్న కంటితో చూశాడు.
"ఇదుగో. సరిగ్గానే ఉంది."
చెయ్యి మార్చాడు. "ఛీ."
మార్చాడు. "సరిగ్గానే ఉంది."
ఆప్‌లో ముందు, తర్వాత చూపించే బొత్తాం ఉంటుందే,
దాన్ని ఊరికే నొక్కుతున్నట్టు
రెండు కళ్ళ మధ్య ఊగాడు ముసలాయన.
జిరాక్సు కోసం వచ్చిన టీచరమ్మ
పరీక్ష కాగితాలు గుండెకి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కుడికంటికి రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు.
మొదటిసారి మోకాలి నొప్పన్నాడు.
రెండోసారి ఫోను పడవల దగ్గర పనిలో ఉందట, ఎత్తలేదు.
"మెట్లు దిగడానికి ఇది చాలు" అంటాడు ఎడమకన్ను చూపించి.
కుడిది దేనికో చెప్పడు.

ఇప్పుడతని బొమ్మలు చిత్రంగా ఉంటున్నాయి.
సముద్రం ఒద్దికగా కూచుంటుంది.
ఎక్కడో ఒక మూల, రేకు గోడ మీదో
ఆరేసిన చొక్కా చేతి మీదో
పాత అరుపు.
ఏ కంటితో ఎక్కడిదాకా చేశాడో,
ప్రింటు అంగుళం అంగుళం బయటికొస్తుంటే
సరిహద్దు వెతుకుతుంటాను.

నిన్న కొట్టు మూశాక
ఒక కన్ను మూసి మెట్ల వైపు చూశాను. తర్వాత రెండోది.
నాకు రెండిట్లోనూ ఒకటే సాయంత్రం.
కొంచెం అసూయ వేసిన మాట నిజం.

పొద్దున్నే ఇంకు తెచ్చేవాడికి ఫోన్ చేసి
నలుపు ఒకటి,
నీలం ఒకటిన్నర అమ్ముతారా అని అడిగాను.